కొత్త వైరస్ అంటే భయం, పాత జ్వరం అంటే అలుసు



జనవరి మొదటి వారం గుర్తుందా? సంక్రాంతి సెలవులు ఇంకా మొదలు కాలేదు. క్లాస్ వాట్సాప్ గ్రూపుల్లో పొద్దున లేస్తే ఒకటే మెసేజ్. “మేడం, చైనాలో మళ్లీ కొత్త వైరస్ అంట కదా, స్కూళ్లు బంద్ చేస్తారా?” గద్వాలలోనే కాదు, వనపర్తి, నాగర్‌కర్నూల్ బ్రాంచీల్లో పనిచేసే తోటి టీచర్లకూ ఇదే ప్రశ్న. జనవరి 6న బెంగళూరులో ఇద్దరు పసిపిల్లలకు హెచ్‌ఎంపీవీ ఉన్నట్టు తేలిందని కేంద్ర ఆరోగ్య శాఖ ప్రకటించింది. ఆ ఒక్క రోజే సెన్సెక్స్ 1,258 పాయింట్లు పడిపోయింది. టీవీల్లో మళ్లీ ఎర్రటి బంతి బొమ్మలు, మళ్లీ మాస్కుల ముచ్చట.

ఇప్పుడు మార్చి. హెచ్‌ఎంపీవీ వల్ల మన స్కూల్ ఒక్క పూట కూడా మూతపడలేదు. కానీ ఈ రెండు నెలల్లో మామూలు జ్వరాలు, దగ్గులు, గొంతు నొప్పులతో ఒక్కో క్లాసులో ఐదారు బెంచీలు ఖాళీగా కనబడిన రోజులు ఉన్నాయి. దాని గురించి గ్రూపులో ఎవరూ ఏమీ అడగలేదు. “జ్వరం తగ్గింది మేడం, టాబ్లెట్ వేసి పంపిస్తున్నా, కొంచెం చూసుకోండి” అన్న మెసేజ్‌లు మాత్రం చాలా వచ్చాయి.

నేను డాక్టర్‌ను కాదు, ఇంగ్లిష్ టీచర్‌ను. రోజూ నలభై మంది పిల్లల మధ్య ఆరేడు గంటలు గడిపే మనిషిగా నాకు అనిపించిన మాట మీ ముందు పెడుతున్నాను. మనం కొత్త పేరుకు భయపడుతున్నాం, పాత జబ్బును అలుసుగా చూస్తున్నాం. మన పిల్లలకు ఎక్కువ నష్టం జరుగుతున్నది ఆ రెండో దానివల్లనే.

కొత్తది వైరస్ కాదు, పేరు

హెచ్‌ఎంపీవీని నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు 2001లో గుర్తించారు. మన పదో తరగతి పిల్లలు పుట్టకముందే దానికి పేరు పెట్టేశారు. అప్పట్లో వాళ్లు పాత రక్త నమూనాలు తీసి పరీక్షిస్తే, అంతకు కనీసం యాభై ఏళ్ల ముందు నుంచే ఆ వైరస్ మనుషుల్లో తిరుగుతోందని తేలింది. అంటే మన తాతల కాలంలోనూ ఉంది, మన చిన్నతనంలోనూ ఉంది. దాదాపు అందరికీ ఐదేళ్లు నిండేలోపు ఒకసారైనా వచ్చి పోతుంది. మనం దాన్ని “జలుబు చేసింది” అనే పిలిచాం, అంతే.

బెంగళూరు పిల్లలిద్దరూ విదేశాలకు వెళ్లినవాళ్లు కాదు. శ్వాసకోశ జబ్బులపై ఎప్పుడూ జరిగే నిఘాలో భాగంగా పరీక్ష చేస్తే బయటపడింది. ఈ వైరస్ మన దేశంతో సహా ప్రపంచమంతటా ఇప్పటికే తిరుగుతున్నదేనని కేంద్రం అప్పుడే చెప్పింది. మన రాష్ట్ర ప్రజారోగ్య శాఖ అంతకు ముందే ప్రకటన ఇచ్చింది. తెలంగాణలో హెచ్‌ఎంపీవీ కేసులు లేవని, 2023 డిసెంబరుతో పోలిస్తే 2024 డిసెంబరులో శ్వాసకోశ ఇన్‌ఫెక్షన్లు చెప్పుకోదగ్గంత పెరగలేదని అందులో ఉంది. ఇక చైనా ఆసుపత్రుల్లో ఆ చలికాలం ఎక్కువగా కనబడింది హెచ్‌ఎంపీవీ కాదు, మనకు బాగా తెలిసిన ఇన్‌ఫ్లుయెంజా. మనం ఫ్లూ అని పిలిచేది దాన్నే.

హెచ్‌ఎంపీవీ ఏమీ చేయదని నేను అనడం లేదు. ఏడాదిలోపు పసిపిల్లలకు, వయసు పైబడినవారికి, ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవారికి అది న్యుమోనియాగా మారవచ్చు. దానికి టీకా లేదు, ప్రత్యేకమైన మందూ లేదు. కానీ ఈ ప్రమాదం జనవరి 6న పుట్టింది కాదు. అంతకు ముందు చలికాలమూ ఉంది, వచ్చే చలికాలమూ ఉంటుంది.

ఆ భయాన్ని వెక్కిరించవద్దు

మెసేజ్‌లు పెట్టిన తల్లిదండ్రులను నేను తప్పుపట్టను. 2020 మార్చి 2న తెలంగాణలో మొదటి కరోనా కేసు వచ్చింది. రెండు వారాల్లో స్కూళ్లు మూతపడ్డాయి. ఏప్రిల్ వచ్చేసరికి కేసులు ఎక్కువగా ఉన్న జిల్లాల్లో మన జోగులాంబ గద్వాల పేరు చేరింది. పక్కనే ఉన్న వనపర్తిలో ఆ నెలంతా ఒక్క కేసూ నమోదు కాలేదు. నది దాటితే ఒక లెక్క, దాటకపోతే ఇంకో లెక్క. ఎటు నుంచి ఏం వస్తుందో తెలియని ఆ రోజులను ఎవరూ మరిచిపోలేదు.

ఇప్పుడు మన ఐదో తరగతిలో ఉన్న పిల్లలను చూడండి. వాళ్లు ఒకటో తరగతి క్లాస్‌రూమ్‌లో కూర్చోలేదు, ఫోన్‌లో చదివారు. ఆ లోటు ఈరోజుకీ వాళ్ల చేతిరాతలో, చదివే వేగంలో నాకు కనిపిస్తూనే ఉంటుంది. “మళ్లీ బంద్ చేస్తారా?” అని ఒక అమ్మ అడిగితే ఆ ప్రశ్న వెనుక రెండేళ్ల చదువు ఉంది, కట్టిన ఫీజు ఉంది, కొందరి ఇళ్లలో పోయిన మనిషి ఉన్నారు.

ఇంకో మాట. 2020 మొదట్లో “ఇది కూడా ఫ్లూ లాంటిదే” అన్నవాళ్లు చాలామంది. వాళ్లు పొరబడ్డారు. కరోనా అప్పుడు మనుషుల శరీరాలకు నిజంగానే కొత్తది. ఎవరి ఒంట్లోనూ దాన్ని ఎదుర్కొనే శక్తి ముందుగా తయారై లేదు. హెచ్‌ఎంపీవీ విషయం అలా కాదు. కాబట్టి “ఫ్లూ లాంటిదే” అన్న మాట ఒకసారి తప్పవుతుంది, ఇంకోసారి ఒప్పవుతుంది. ఆ తేడా తెలియాలంటే వార్త రాగానే భయపడటమూ సరిపోదు, నవ్వి వదిలేయడమూ సరిపోదు. కొంచెం ఆగి అడగాలి.

నిన్నటి కొత్త వైరస్సే నేటి ఫ్లూ

2009లో స్వైన్ ఫ్లూ వచ్చినప్పుడు నేను హైస్కూల్‌లో ఉన్నాను. మన దేశంలో దాని మొదటి కేసు బయటపడింది ఆ ఏడాది మే నెలలో, మన హైదరాబాద్‌లోనే. జూన్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని మహమ్మారిగా ప్రకటించింది. 2010 ఆగస్టులో ఆ దశ ముగిసిందని చెప్పింది. మరి ఆ వైరస్ ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదు. సీజనల్ ఫ్లూ వైరస్‌లలో ఒకటిగా మన మధ్యే ఉండిపోయింది. ఏటా మారే ఫ్లూ టీకాలో ఆ రకానికీ చోటు ఉంటుంది.

పేరు పాతబడగానే మన భయం పోయింది. వైరస్ పని మాత్రం ఆగలేదు. 2015లో అదే స్వైన్ ఫ్లూ మన దేశంలో 42 వేల మందికి పైగా సోకింది. దాదాపు 3 వేల మంది చనిపోయారు. అప్పటికి అది “కొత్త” వైరస్ కాదు.

ప్రపంచం మొత్తం మీద ఏటా సుమారు 100 కోట్ల మందికి సీజనల్ ఫ్లూ వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారిలో 30 నుంచి 50 లక్షల మందికి అది తీవ్రంగా మారుతుంది. 2 లక్షల 90 వేల నుంచి 6 లక్షల 50 వేల మంది వరకు శ్వాస సంబంధ సమస్యలతో ప్రాణాలు కోల్పోతారు. ఐదేళ్లలోపు పిల్లల్లో ఫ్లూ వల్ల వచ్చే ఊపిరితిత్తుల ఇన్‌ఫెక్షన్లతో జరిగే మరణాల్లో 99 శాతం మనలాంటి అభివృద్ధి చెందుతున్న దేశాల్లోనే. మన దేశంలో ఫ్లూ ఏడాదికి రెండుసార్లు తల ఎత్తుతుంది. జనవరి నుంచి మార్చి వరకు ఒకసారి, వానల తర్వాత ఇంకోసారి. మన సంక్రాంతి ప్రయాణాలు, వార్షిక పరీక్షలు మొదటి దానిలో పడతాయి. దసరా సెలవుల ముందటి పరీక్షలు రెండో దానిలో పడతాయి.

గత నెల ఇంకో భయం వచ్చింది. ఆంధ్రలో గోదావరి జిల్లాల కోళ్లకు బర్డ్ ఫ్లూ అన్నారు. మన వనపర్తి జిల్లా మదనాపురం మండలం కొన్నూరులోనూ ఫారంలో కోళ్లు పెద్ద సంఖ్యలో చనిపోయాయన్న వార్త వచ్చింది. చికెన్ కొనేవాళ్లు తగ్గిపోయారు. బాగా ఉడికిన మాంసంలో, గుడ్డులో ఆ వైరస్ బతకదని ఎంత చెప్పినా, చాలా డబ్బాల్లో ఉడికిన కోడిగుడ్డు కూడా కనబడలేదు. అదే రోజుల్లో, అదే పిల్లల్లో కొందరు జ్వరంతో బస్సెక్కి వచ్చారు. నా బాధంతా ఇక్కడే.

టాబ్లెట్ వేసి పంపిస్తే ఏమవుతుంది?

పొద్దున ఏడు గంటలకు పారాసిటమాల్ వేస్తారు. ఎనిమిదికి ఒళ్లు చల్లబడుతుంది. బాబు ఆడుతూ బస్సెక్కుతాడు. ఆ మందు పనిచేసేది నాలుగు నుంచి ఆరు గంటలు. పదకొండు, పన్నెండు మధ్య మూడో పీరియడ్‌లోనో నాలుగో పీరియడ్‌లోనో తల బెంచీ మీదికి వాలుతుంది. మందు జ్వరాన్ని దించిందే గాని వైరస్‌ను ఆపలేదు. ఆ నాలుగు గంటల్లో బస్సులో పక్క సీటు, ప్రేయర్ లైను, పక్క బెంచీ, నీళ్ల కుళాయి, లంచ్‌లో పంచుకున్న స్పూను అన్నీ అయిపోతాయి.

ఫ్లూ లక్షణాలు కనబడటానికి ఒక రోజు ముందు నుంచి, కనబడ్డాక ఐదు నుంచి ఏడు రోజుల వరకు ఇతరులకు అంటుకుంటుంది. పిల్లల్లో ఇంకా ఎక్కువ రోజులు కూడా ఉండొచ్చు. అంటుకున్న ఒకటి నుంచి నాలుగు రోజుల్లో జబ్బు బయటపడుతుంది. చలి వేస్తుందని కిటికీలు మూసిన గది అయితే ఇక చెప్పనక్కర్లేదు.

జనవరి చివర్లో నేను చెప్పే ఒక ఆరో తరగతిలో ఇలాగే అయింది. సోమవారం ఒకరికి జ్వరం. శుక్రవారానికి తొమ్మిది మంది రాలేదు. అది ఫ్లూనో, మరో వైరస్సో పరీక్ష చేయించినవాళ్లు ఎవరూ లేరు. పిల్లలందరూ వారంలో కోలుకుని తిరిగి వచ్చారు. కానీ వాళ్లలో ఒక అబ్బాయి తాతయ్యకు దగ్గు మొదలై న్యుమోనియా దాకా పోయింది. ఆయనను కర్నూలు తీసుకెళ్లి ఐదు రోజులు ఆసుపత్రిలో ఉంచాల్సి వచ్చింది. జబ్బు పిల్లవాడితో మొదలై పిల్లవాడితోనే ఆగదు. మన ఇళ్లలో తాతయ్య, నానమ్మ మంచం పక్కనే మనవడి మంచం ఉంటుంది.

“మరి ఎందుకు పంపిస్తారు?” అని తల్లిదండ్రులను మాత్రమే అడగడం న్యాయం కాదు. షాపు మూసుకుని ఇంట్లో కూర్చోలేని నాన్న ఉన్నారు. డ్యూటీకి సెలవు దొరకని అమ్మ ఉంది. వాటికి తోడు మేము పెట్టే భయాలు ఉన్నాయి. రేపు స్లిప్ టెస్ట్, ఎల్లుండి ప్రాజెక్ట్ ఆఖరు తేదీ. ఆన్యువల్ డే రోజు నూరు శాతం హాజరుకు స్టేజీ మీద సర్టిఫికెట్, చప్పట్లు. జ్వరం వచ్చినా బడి మానని పిల్లవాడికి మనం బహుమతి ఇస్తున్నాం. అది చూసిన మిగతా పిల్లలు ఏం నేర్చుకుంటారు? నాకు తెలిసిన ఒక పాప 101 డిగ్రీల జ్వరంలో, “మేడం, ఇంటికి ఫోన్ చేయొద్దు, నా అటెండెన్స్ పోతుంది” అని ఏడ్చింది.

అందుకే నా వ్యక్తిగత అభిప్రాయంగా మన యాజమాన్యానికి మూడు విన్నపాలు. నూరు శాతం హాజరు సర్టిఫికెట్‌ను వచ్చే విద్యా సంవత్సరం నుంచి తీసేద్దాం. జ్వరం వల్ల టెస్ట్ రాయలేని పిల్లలకు మార్కులు పోకుండా మళ్లీ రాసే అవకాశం ఇద్దాం. క్లాసుల్లో, బస్సుల్లో చలికాలం కూడా రెండు వైపులా కిటికీలు కొంచెమైనా తెరిచి ఉంచుదాం. వీటిలో ఏ ఒక్కదానికీ పెద్ద ఖర్చు లేదు.

ఇంట్లో మీరు చేయగలిగినవి

మొదటిది, జ్వరం మందు వేయకుండా 24 గంటలు జ్వరం రాకపోతేనే స్కూల్‌కు పంపండి. “మందు వేయకుండా” అన్న మాట ముఖ్యం. ఆ రోజు నోట్స్ నేను గ్రూపులో పెడతాను. ఒక పాఠం రెండు రోజులు ఆలస్యమైతే ఏమీ కాదు.

రెండోది, జ్వరం ఉన్న పిల్లలను వీలైనంత వరకు ఇంట్లోని పెద్దవాళ్ల దగ్గర, పసిపిల్లల దగ్గర పడుకోబెట్టవద్దు. చూసుకోవడానికి నానమ్మ తప్ప ఎవరూ లేకపోతే ఆమె మాస్క్ పెట్టుకోవడం, గదిలో గాలి ఆడేలా చూడటం, చేతులు సబ్బుతో కడుక్కోవడం మరవద్దు.

మూడోది, చేతిరుమాలు. రోజంతా ఒకే రుమాలుతో తుడుచుకుని జేబులో పెట్టుకుంటే అది శుభ్రత కాదు. వాడిన రుమాలు, టిష్యూ మళ్లీ వాడవద్దని జనవరిలో మన ఆరోగ్య శాఖ ఇచ్చిన సూచనల్లోనే ఉంది. బ్యాగులో రెండు రుమాళ్లు పెట్టండి. రుమాలు లేకపోతే మోచేతి మడతలోకి దగ్గడం, తుమ్మడం నేర్పండి.

నాలుగోది, మందులు. ఫ్లూ, హెచ్‌ఎంపీవీ, మామూలు జలుబు, అన్నీ వైరస్‌లే. యాంటీబయాటిక్ వీటిపై పనిచేయదు. మెడికల్ షాపులో అడిగి మూడు రోజుల కోర్సు కొనడం, ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఒక ఇంజెక్షన్, ఒక సెలైన్ పెట్టించుకుని వచ్చేయడం మన దగ్గర అలవాటైపోయింది. దయచేసి ఆపండి. పారాసిటమాల్ కూడా పిల్లల బరువును బట్టి డాక్టర్ చెప్పినంతే వేయాలి. పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వకూడదు. ఫ్లూకు వైరస్‌పై పనిచేసే మందు ఉంది కానీ, మొదటి రెండు రోజుల్లో మొదలుపెడితేనే ఎక్కువ ఉపయోగం. అది ఎవరికి అవసరమో డాక్టరే చెప్పాలి. అందుకే ఉబ్బసం, గుండె జబ్బు ఉన్న పిల్లల విషయంలో ఆలస్యం చేయవద్దు.

ఐదోది, టీకా. హెచ్‌ఎంపీవీకి టీకా లేదు కానీ ఫ్లూకు ఉంది. ఆరు నెలలు నిండినప్పటి నుంచి ఐదేళ్ల వరకు పిల్లలందరికీ ఏటా వేయించమని మన దేశ పిల్లల డాక్టర్ల సంఘం సిఫారసు చేస్తుంది. ప్రభుత్వం ఉచితంగా వేసే టీకాల్లో ఇది లేదు, కొనుక్కోవాలి. వేయించుకుంటే ఫ్లూ అసలే రాదని కాదు, వచ్చినా ముదరకుండా చాలావరకు కాపాడుతుంది. వానాకాలానికి ముందే మీ పిల్లల డాక్టర్‌తో ఈ విషయం మాట్లాడండి. ఇంట్లో షుగర్, ఆయాసం ఉన్న పెద్దవాళ్ల గురించి కూడా అడగండి.

ఈ లక్షణాలు కనిపిస్తే మాత్రం తెల్లారే దాకా ఆగవద్దు: డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీసుకోవడం, పెదవులు నీలంగా మారడం, నీళ్లు, పాలు తాగలేకపోవడం, చాలాసేపు మూత్రం రాకపోవడం, ఫిట్స్, లేపినా సరిగా లేవకపోవడం, తగ్గిన జ్వరం మళ్లీ ఎక్కువై రావడం. నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నారో లెక్కపెట్టండి. ఏడాది నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో 40 లేదా అంతకు మించితే అది ప్రమాద సూచన. ఒకప్పుడు ఇలాంటప్పుడు కర్నూలుకో, మహబూబ్‌నగర్‌కో, హైదరాబాద్‌కో పరుగెత్తేవాళ్లం. ఇప్పుడు వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022 నుంచి, గద్వాలలో 2024 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీలు ఉన్నాయి. ముందు దగ్గరున్న ఆసుపత్రిలో చూపించండి. అవసరమైతే 108కు ఫోన్ చేయండి.

తర్వాతి వార్త వచ్చినప్పుడు

ఇంకో కొత్త పేరు తప్పకుండా వస్తుంది. అప్పుడు ఫార్వర్డ్ చేసే ముందు మూడు ప్రశ్నలు అడుగుదాం. మా క్లాసులో పిల్లలకు కూడా ఇవే నేర్పిస్తున్నాను.

ఈ వైరస్ మనుషులకు కొత్తదా, లేక దాని పేరు మాత్రమే మనకు కొత్తదా? ఎవరికి ప్రమాదం అంటున్నారు, అందరికీనా, పసిపిల్లలకూ పెద్దవాళ్లకూనా? ఈ మాట చెబుతున్నది ఎవరు, ఆరోగ్య శాఖా, ఐసీఎంఆరా, ప్రపంచ ఆరోగ్య సంస్థా, లేక పేరు లేని వాయిస్ మెసేజా?

మొదటి ప్రశ్నకు “నిజంగానే కొత్తది” అని నమ్మకమైన చోటు నుంచి జవాబు వస్తే అప్పుడు జాగ్రత్త రెట్టింపు చేద్దాం. ప్రభుత్వం చెప్పినట్టు నడుచుకుందాం, స్కూల్ ఏర్పాట్ల గురించి ముందుగానే మాట్లాడుకుందాం. అలా కాకపోతే, ఆ వార్త మీద పెట్టే శ్రద్ధలో సగం ఇంట్లో థర్మామీటర్ మీద పెట్టినా చాలు.

ఈ నెల మధ్య నుంచి ఒంటిపూట బడులు. ఆ వెనుకే వార్షిక పరీక్షలు. ఫ్లూ కాలం ఇంకా పూర్తిగా పోలేదు. రేపు పొద్దున మీ పాప ఒళ్లు వెచ్చగా ఉంటే టాబ్లెట్ వేసి బస్సు దగ్గరకు తీసుకురావద్దు. నాకు ఒక మెసేజ్ పెట్టండి, “ఈరోజు రాదు మేడం” అని. నేను “సరే, పడుకోనివ్వండి” అని జవాబిస్తాను. అంతకు మించి కారణం ఏదీ అడగను.

– ఇంగ్లిష్ టీచర్, గద్వాల బ్రాంచి